పడమటి గది గణకురాళ్లు

కంప్యూటర్ అనే మాట యంత్రానికి పేరు కావడానికి చాలా ముందే ఒక కొలువుకు పేరు. ఖగోళ పరిశోధనశాలల్లోనూ, భూమి కొలతల శాఖల్లోనూ, ఫిరంగి గుండు ఎంత దూరం పోతుందో పట్టికలు కట్టే సైనిక కార్యాలయాల్లోనూ రోజంతా అంకెలతో కుస్తీ పట్టి నెల జీతం తీసుకునే మనిషిని ఆ పేరుతోనే పిలిచేవారు; మన దేశంలో 1831లో గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేలో చేరిన రాధానాథ్ సిక్దర్ హోదా కూడా అదే. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో ఈ కొలువు క్రమంగా ఆడవారి పని అయింది. అందుకు కారణం స్త్రీల గణితశక్తి మీద గౌరవం కాదు, ఇంజనీర్లు విసుగుపడే పనిని తక్కువ జీతానికి చేయించుకునే వెసులుబాటు. వర్జీనియా రాష్ట్రంలోని హ్యాంప్టన్ పట్టణం పక్కన ఉన్న లాంగ్లీ వైమానిక ప్రయోగశాల 1935లో ఐదుగురు శ్వేతజాతి స్త్రీలతో ఇలాంటి గణక బృందాన్ని మొదటిసారి ఏర్పరిచింది. ఇంజనీర్లు తాము చేసేదాని కన్నా ఆ స్త్రీలే లెక్కలను వేగంగా, తప్పుల్లేకుండా చేస్తున్నారని 1942 నాటి ఒక అంతర్గత నివేదికే ఒప్పుకుంది. అయినా వారిలో ఎక్కువ మందిని వృత్తి నిపుణులుగా కాక, అంతకు ఒక మెట్టు దిగువన ఉండే ఉపవృత్తి శ్రేణిలో లెక్కించేవారు.

ఈ ప్రయోగశాల జాతీయ వైమానిక సలహా సంఘం అనే కేంద్ర ప్రభుత్వ సంస్థది. అందులోకి నల్లజాతి స్త్రీలు అడుగుపెట్టడానికి దారి లాంగ్లీలో కాక వాషింగ్టన్‌లో తెరుచుకుంది. రైలు పెట్టెల్లో పనిచేసే నల్లజాతి పరిచారకుల కార్మిక సంఘానికి నాయకుడైన ఎ. ఫిలిప్ రాండాల్ఫ్, యుద్ధ పరిశ్రమల్లో తమవారికి ఉద్యోగాలు ఇవ్వకపోతే రాజధాని మీదికి వేలాది మందితో కవాతు తీస్తామని 1941లో హెచ్చరించాడు. దానితో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ ఏడాది జూన్ 25న 8802వ నంబరు కార్యనిర్వాహక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. యుద్ధ పరిశ్రమల్లో, ప్రభుత్వ కొలువుల్లో జాతి, రంగు, మతం చూసి ఉద్యోగం నిరాకరించరాదన్నది ఆ ఉత్తర్వు సారాంశం. రెండేళ్ల తరువాత, విమానాల తయారీ ఊపందుకుని లెక్కలు చేసే చేతులు చాలని వేళ, 1943లో లాంగ్లీ తొలి నల్లజాతి గణకురాళ్లను చేర్చుకుంది. వారిని ప్రయోగశాల ప్రాంగణంలో అప్పుడప్పుడే కట్టడాలు లేస్తున్న పడమటి భాగంలో కూర్చోబెట్టారు. ఆ విభాగం పేరు వెస్ట్ ఏరియా కంప్యూటింగ్. తూర్పు భాగంలోని శ్వేతజాతి స్త్రీలది ఈస్ట్ కంప్యూటింగ్. దిక్కుల పేర్లతో నడిచిన ఈ విభజనలో ఏ దిక్కు ఏ రంగుదో చెప్పనక్కరలేకుండానే అందరికీ తెలిసేది.

అలా వచ్చినవారిలో చాలా మంది బడిపంతుళ్లు. నల్లజాతి కళాశాలల్లో గణితం చదివిన స్త్రీకి ఆ కాలపు దక్షిణాదిలో ఉపాధ్యాయ వృత్తి తప్ప మరో గౌరవప్రదమైన దారి లేదనే చెప్పాలి. ఆ బడులు కూడా వేరు, వాటి జీతాలూ వేరు. 1910లో కేన్సస్ సిటీలో పుట్టి, విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో 1929లో పట్టా పొందిన డొరొతీ వాన్, వర్జీనియాలోని ఫార్మ్‌విల్ అనే చిన్న ఊరిలో రాబర్ట్ రూసా మోటన్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేది. 1943 డిసెంబరులో లాంగ్లీలో చేరినప్పుడు ఆమెకు దక్కిన జీతం బడిలో వచ్చినదానికి రెట్టింపు పైమాటే. యుద్ధం ఉన్నంత కాలానికే అనుకున్న ఆ ఉద్యోగం ఇరవై ఎనిమిదేళ్లు సాగింది. ఆమె వదిలి వచ్చిన బడి గురించి ఒక్క మాట ఇక్కడే చెప్పుకోవడం న్యాయం: 1951లో ఆ బడి పిల్లలే తమ తరగతి గదుల దురవస్థకు నిరసనగా సమ్మెకు దిగారు, ఆ తగాదా బడుల్లో జాతి విభజనను కొట్టివేసిన 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పులో భాగమైంది, ఆ తీర్పును అమలు చేయడం ఇష్టంలేని ఆ జిల్లా అధికారులు 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులన్నిటికీ తాళాలు వేశారు. లాంగ్లీ పడమటి గది చుట్టూ ఉన్న లోకం అదీ.

గది లోపల పని ఎలా సాగేదో తెలిస్తే గాని ఆ స్త్రీలు తరువాతి కాలంలో అంత సులువుగా ప్రోగ్రామర్లు ఎలా అయ్యారో బోధపడదు. విమానపు రెక్క నమూనాను విండ్ టన్నెల్‌లో, అంటే కృత్రిమంగా పెనుగాలి పుట్టించే పెద్ద గొట్టంలో నిలిపి, రెక్క మీద చోటుచోటా గాలి ఒత్తిడి ఎంత ఉందో కొలిచేవారు. సన్నని గాజు గొట్టాల్లో ద్రవం ఎక్కిన ఎత్తే ఆ కొలత. ఆ గొట్టాల వరుసను ఫొటో తీసి గణక విభాగానికి పంపితే, స్త్రీలు ఒక్కొక్క ఎత్తునూ చదివి, నిలువు గళ్లు గీసిన పెద్ద కాగితం మీద మొదటి వరుసలో నింపేవారు. రెండవ వరుసలో ఏమి చేయాలో, మూడవది మొదటి రెండిటి నుంచి ఎలా రావాలో, ఏ విలువను ఏ పట్టిక నుంచి తెచ్చుకోవాలో ఇంజనీరు ఇచ్చిన సమీకరణాన్ని విడగొట్టి ముందే రాసుకునేవారు. కూడికలు, హెచ్చవేతలు చేయడానికి బల్ల మీద ఫ్రైడెన్, మర్చంట్, మన్రో వంటి కంపెనీల మీటల యంత్రాలు ఉండేవి, ఒక గదిలో అవన్నీ కలిసి చేసే చప్పుడు తక్కువేమీ కాదు. ఒకరు చేసిన లెక్కను మరొకరు మొదటి నుంచి సరిచూడటం ఈ వృత్తిలో తప్పనిసరి నియమం.

ఈ సరిచూపు నియమంలోనే ఆ గది బడిగా మారిన రహస్యం ఉంది. పక్క బల్ల మీది తప్పును పట్టుకోవడం, అది ఎక్కడ పుట్టిందో వివరించడం, మళ్లీ రాకుండా దారి చూపడం అక్కడ దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు, జీతం తీసుకునే పనిలో భాగం. పైగా చేసేవారిలో చాలా మంది అప్పటికే పాఠం చెప్పడం తెలిసిన ఉపాధ్యాయులు. తొలి సంవత్సరాల్లో విభాగం పెద్దలుగా శ్వేతజాతి స్త్రీలనే నియమించారు. 1949లో ఆ పదవి ఖాళీ అయినప్పుడు డొరొతీ వాన్‌ను తాత్కాలిక పెద్దగా నిలిపి, మరి రెండేళ్లకు గాని అధికారికంగా ఖాయం చేయలేదు. ఆ సంస్థ మొత్తంలో నల్లజాతి నుంచి పర్యవేక్షక పదవికి వచ్చిన మొదటి వ్యక్తి ఆమె. ఫలానా పనికి మీ దగ్గర ఎవరు తగినవారని ఇంజనీర్లు ఆమెను అడిగి మరీ మనుషులను తీసుకుపోయేవారు. కష్టమైన పని పడితే ఆమే చేయాలని కోరేవారు. వెరా హకెల్, సారా బులక్ అనే శ్వేతజాతి సహోద్యోగులతో కలిసి ఆమె గణక యంత్రాలకు పనికివచ్చే బీజగణిత పద్ధతుల చేతిపుస్తకాన్ని కూర్చడంలో పాలుపంచుకుంది. పదోన్నతికీ జీతం పెంపుకూ అర్హులైన వారి పక్షాన, వారు తెల్లవారైనా సరే, పై అధికారులతో మాట్లాడేదన్న పేరు ఆమెకు ఉంది. తన గది గోడ దాటి వాదించగలిగిందంటే ఆ గదిలో ఆమెకు దొరికిన నిలకడే దానికి బలం అనుకోవాలి.

గది వెలుపల ఆసరా మరో రకంగా అల్లుకుంది. యుద్ధ పరిశ్రమల నల్లజాతి కార్మికుల కోసం కట్టిన న్యూసమ్ పార్క్ ఇళ్లలో డొరొతీ కుటుంబమూ కాపురం ఉండేది. కళాశాల రోజుల నుంచి జీవితాంతం సాగే స్త్రీల సోదరి సంఘాలు, ప్రత్యేకించి ఆల్ఫా కప్పా ఆల్ఫా, ఆదివారపు చర్చి, కార్యాలయానికి కలిసి పోయే కార్లు, ఇవన్నీ ఉద్యోగ వార్తను మోసుకుపోయే దారులు కూడా. కేథరీన్ జాన్సన్‌కు లాంగ్లీలో నల్లజాతి గణితజ్ఞులను తీసుకుంటున్నారన్న కబురు 1952లో అందినది పత్రికా ప్రకటన ద్వారా కాదు, ఒక కుటుంబ వేడుకలో చుట్టం నోట. మరుసటి ఏడాది ఆమె చేరిన రెండు వారాలకే డొరొతీ ఆమెను విమాన పరిశోధన విభాగానికి పంపింది. అక్కడి నుంచే ఆమె 1960లో టెడ్ స్కోపిన్‌స్కీతో కలిసి ఉపగ్రహ కక్ష్య మీద నివేదిక రాసింది, 1962 ఫిబ్రవరి 20న వ్యోమగామి జాన్ గ్లెన్ భూమిని చుట్టి రావడానికి ముందు ఎలక్ట్రానిక్ యంత్రం చెప్పిన అంకెలను చేతి లెక్కతో సరిచూసింది. పాత గణక వృత్తిలో మనిషి లెక్కను మనిషి సరిచూసే నియమం ఆనాడు యంత్రానికీ వర్తించింది, అంతే.

వేరుచేయడం అన్నది ఆ గదికి అలంకారమేమీ కాదు. మరుగుదొడ్లు వేరు, భోజనశాలలో బల్ల వేరు. ఆ బల్ల మీద రంగుజాతి కంప్యూటర్లకు అన్న అర్థం వచ్చే చిన్న అట్ట పెట్టేవారు. 1943లోనే చేరిన మిరియం మాన్ ఆ అట్టను తీసి తన చేతిసంచిలో వేసుకునేది. కొద్ది రోజులకు కొత్త అట్ట వెలిసేది. దాన్నీ ఆమె తీసేసేది. చివరకు విసిగినది అట్టలు పెట్టేవారే. 2016లో వచ్చిన హిడెన్ ఫిగర్స్ సినిమాలో శ్వేతజాతి అధికారి సుత్తితో మరుగుదొడ్డి బోర్డు పగలగొట్టే ఘట్టం చాలా మందికి గుర్తుండి ఉంటుంది గాని అది కథ కోసం కల్పించినది, ఆ అధికారి పాత్రే కల్పితం. చేతిసంచిలోకి మాయమైన అట్ట మాత్రం నిజం. చరిత్రకారుడికి సుత్తి కన్నా ఆ సంచి ఎక్కువ విషయం చెబుతుంది.

మేరీ జాక్సన్ ఉదాహరణ గదికీ బయటి లోకానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలిచి చూపుతుంది. హ్యాంప్టన్‌లోనే పుట్టి పెరిగి 1951లో పడమటి విభాగంలో చేరిన ఆమెను, రెండేళ్ల తరువాత కజిమీర్ చర్నెట్‌స్కీ అనే ఇంజనీరు ధ్వనివేగానికి దాదాపు రెట్టింపు వేగపు గాలి పుట్టించగల సూపర్‌సానిక్ టన్నెల్‌లో పనికి తీసుకుని, ఇంజనీరు కావడానికి చదవమని ప్రోత్సహించాడు. ఆ పాఠాలు సాయంత్రం వేళ చెప్పేది శ్వేతజాతి పిల్లలకే ప్రత్యేకమైన హ్యాంప్టన్ ఉన్నత పాఠశాలలో కాబట్టి, తన సొంత ఊరి బడి గదిలో కూర్చోవడానికి ఆమె పురపాలక అధికారుల నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. 1958లో ఆమె ఆ సంస్థలో తొలి నల్లజాతి మహిళా ఇంజనీరు అయింది.

అప్పటికి యంత్రాలు వచ్చేశాయి. 1940ల చివరలో బెల్ ల్యాబ్స్ వారి రిలే యంత్రంతో మొదలై, 1950లలో ఐబీఎం 650, ఆ వెనుక 704 వరకు ఒక్కొక్కటే లాంగ్లీకి చేరుతుంటే, పది మంది వారం రోజులు చేసే లెక్క గంటల్లోకి కుదించుకుపోవడం గణకురాళ్లు కళ్లారా చూశారు. తమ కొలువు పేరును యంత్రం తీసుకుంది, కొలువును కూడా తీసుకుపోతుందని గ్రహించడం కష్టం కాదు. డొరొతీ వాన్ ఎంచుకున్న దారి ఆ యంత్రంతో మాట్లాడటం నేర్చుకోవడం, తన విభాగం స్త్రీలను కూడా నేర్చుకోమని పురికొల్పడం. 1957లో జాన్ బాకస్ బృందం ఐబీఎం 704 కోసం విడుదల చేసిన ఫోర్ట్రాన్ అనే భాష అందుకు సమయానికి అందివచ్చింది. దాని పేరుకు సూత్రాల అనువాదం అని అర్థం. అంతకు ముందు యంత్రానికి ప్రతి అడుగునూ దాని సొంత సంకేతాల్లో చెప్పవలసి వచ్చేది. ఫోర్ట్రాన్‌లోనైతే గణిత సూత్రాన్ని దాదాపు కాగితం మీద రాసినట్టే రాస్తే, దాన్ని యంత్ర సంకేతాల్లోకి మార్చే పనిని మరొక ప్రోగ్రామే చూసుకుంటుంది. ఒకే పనిని వందసార్లు తిప్పి చేయించడానికి అందులో డూ అనే ఒక ఆజ్ఞ ఉంది.

ఇప్పుడు పాత గళ్ల కాగితాన్ని గుర్తు చేసుకుంటే సంగతి తేలికగా తెలుస్తుంది. సమీకరణాన్ని చిన్న మెట్లుగా విడగొట్టడం, ఏ మెట్టు ఫలితం ఏ గడిలోకి పోవాలో ముందే నిర్ణయించడం, అదే వరుసను ప్రతి కొలతకూ తిరిగి చేయడం, మధ్యలో తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వెనక్కి నడిచి పట్టుకోవడం, ఇవన్నీ పదిహేనేళ్లుగా చేతితో చేస్తున్నవారికి ప్రోగ్రాం రాయడం కొత్త విద్య కాదు, పాత విద్యకు కొత్త లిపి. మారినదల్లా రాసినదాన్ని రంధ్రాల అట్టలుగా పొడిపించి, యంత్రం గదికి పంపి, జవాబు కోసం వేచి ఉండటం. ప్రోగ్రామింగ్ పుట్టుకను యంత్రాల పుట్టుకతో ముడిపెట్టి రాసిన చరిత్రల్లో ఈ గళ్ల కాగితానికి చోటు దక్కకపోవడం ఒక లోపం. దాన్ని గీసిన చేతులు ఎవరివన్నది కూడా ఆ లోపానికి ఒక కారణం కావచ్చు.

అయితే యంత్రాల రాకతో పాటే గది మూతపడే రోజూ దగ్గరపడింది. ఈస్ట్ కంప్యూటింగ్‌ను 1947లోనే రద్దు చేసి అక్కడి శ్వేతజాతి స్త్రీలను ఇంజనీరింగ్ విభాగాల్లోకి పంచేశారు గనుక, ఆ తరువాతి పదేళ్లూ ఉమ్మడి గణక బృందంగా మిగిలినది పడమటిదే. నల్లజాతి స్త్రీలలో విభాగాలకు పిలుపు వచ్చినవారు వెళ్లిపోతుండగా, రానివారు అక్కడే ఉండిపోయారు. 1958 మే 5న ఆ విభాగాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు వెలువడింది. అదే ఏడాది అక్టోబరు 1న సంస్థ నాసాగా అవతరించింది. అదే శరత్కాలంలో వర్జీనియా గవర్నరు నల్ల పిల్లలను చేర్చుకోవలసిన తెల్ల బడులకు తాళాలు వేయిస్తున్నాడన్నది గుర్తుంచుకుంటే, ప్రయోగశాల లోపల వేరు గదులు మాయం కావడం ఎంత పెద్ద మాటో అర్థమవుతుంది.

కాని ఆ ఉత్తర్వుతోనే డొరొతీ వాన్ పెద్దరికం కూడా పోయింది. స్త్రీపురుషులు, తెల్లవారు, నల్లవారు కలిసి పనిచేసే కొత్త గణక విభాగంలో ఆమె నేర్పుగల ఫోర్ట్రాన్ ప్రోగ్రామర్‌గా పేరు తెచ్చుకుంది, స్కౌట్ రాకెట్ పనిలో పాలుపంచుకుంది, 1971లో పదవీ విరమణ చేసింది. పర్యవేక్షక పదవి మాత్రం ఆమెకు మళ్లీ దక్కలేదు. వేరుచేసిన గదిలో మాత్రమే నల్లజాతి స్త్రీ పెద్దగా ఉండగలిగిందన్నది చేదు సత్యం. ఆ గది ఉండి ఉంటే బాగుండేదని అనడానికి వీల్లేదు. అది పోయినప్పుడు పోయినదేమిటో లెక్కలోకి తీసుకోకపోవడం కూడా సరికాదు. గోడ కూలినప్పుడు గోడ లోపలి బడి కూడా కూలింది, దానికి బదులు మరో బడి కట్టడం ఎవరి బాధ్యతగానూ రాయలేదు.

గది లేనిచోట ఒంటరితనం ఎలా ఉంటుందో క్లీవ్‌లండ్‌లోని లూయిస్ ప్రయోగశాలలో 1955లో చేరిన ఆనీ ఈస్లీ జీవితం చూపుతుంది. అలబామాలో పుట్టిన ఆమె చేరేనాటికి అక్కడి సుమారు 2,500 మంది ఉద్యోగుల్లో నల్లజాతివారు ఆమెతో కలిపి నలుగురే. ఆమె కూడా చేతి లెక్కల నుంచి ఫోర్ట్రాన్‌కు నడిచి, సెంటార్ రాకెట్ కోసమూ, శక్తి వనరుల మీద పరిశోధనల కోసమూ ప్రోగ్రాములు రాసింది. ఉద్యోగం చేస్తూనే, సొంత ఖర్చుతో, 1977లో గణితంలో పట్టా తీసుకుంది. ప్రదర్శన కోసం పెంచి అతికించిన ఒక బృంద చిత్రంలో తన ముఖం మాత్రం కత్తిరించి ఉండటం చూశానని ఆమె తరువాతి కాలంలో చెప్పుకుంది. ఆమె ఆ తరువాత ఉద్యోగుల వివక్ష ఫిర్యాదులు విని పరిష్కారం వెతికే సలహాదారు పని కూడా చేపట్టింది. గది ఇవ్వలేకపోయిన ఆసరాను ఒక పదవి నుంచి అందించే ప్రయత్నమది. లాంగ్లీలో మేరీ జాక్సన్ 1979లో ఇంజనీరు హోదాను వదులుకుని, హోదా తగ్గినా పట్టించుకోక, ఉద్యోగినుల నియామకాలూ పదోన్నతులూ చూసే కార్యక్రమానికి అధికారిగా మారింది. 1967లో లాంగ్లీ గణక బృందంలో చేరిన క్రిస్టీన్ డార్డెన్, తనలాంటి చదువే ఉన్న మగవారు నేరుగా ఇంజనీర్లుగా చేరుతుంటే స్త్రీలను గణక బృందాలకు ఎందుకు పంపుతున్నారని పై అధికారిని నిలదీసి, 1973లో ఇంజనీరు కాగలిగింది. ధ్వని కన్నా వేగంగా పోయే విమానం నేల మీద పుట్టించే పిడుగులాంటి చప్పుడును తగ్గించే ప్రోగ్రాం ఆమె తొలి పెద్ద పని.

ఇలాంటి స్త్రీలందరికీ కలిపి ఒక పేరు పెట్టుకోవడం ఆ దశకంలోనే జరిగింది. 1977లో హ్యూస్టన్ నగరంలో జరిగిన జాతీయ మహిళా సభలో నల్లజాతి స్త్రీలు తయారుచేసిన కోరికల పత్రంలో లాటిన్ అమెరికన్, ఆసియన్, ఆదిమజాతి స్త్రీలు కూడా తమను చేర్చుకోమని కోరినప్పుడు, అందరికీ సరిపోయేలా విమెన్ ఆఫ్ కలర్ అనే మాటను వాడుకలోకి తెచ్చారని ఉద్యమకారిణి లొరెట్టా రాస్ చెబుతారు. అది ఒంటి రంగును వర్ణించే మాట కాదు, కలిసి నిలబడతామన్న ఒప్పందానికి పేరు. నేడు అమెరికా సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో పనిచేసే తెలుగు స్త్రీలు కూడా ఈ పేరు కిందికే వస్తారు. వారి కుటుంబాలకు ఆ దేశపు తలుపు తీసిన 1965 వలస చట్టం నల్లజాతి పౌరహక్కుల పోరాటం వేడిలో పుట్టినదన్న సంగతి మన ఇళ్లలో అంతగా వినిపించదు.

లాంగ్లీ గదిలో నిర్బంధంగా ఏర్పడిన కూటమిని ఇష్టపూర్వకంగా కట్టే ప్రయత్నాలు ఈ శతాబ్దంలో మొదలయ్యాయి. వాటిలో పేరుపడినది, విద్యుత్ ఇంజనీరు కింబర్లీ బ్రయంట్ 2011లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రారంభించిన బ్లాక్ గర్ల్స్ కోడ్. ప్రోగ్రామింగ్ మీద ఆసక్తి ఉన్న తన కూతురికి తనలాంటి పిల్లలు కనిపించే తరగతి గది దొరకకపోవడం ఆమెను ఆ పనికి పురికొల్పింది. పద్ధతి పాతదే: ఒకే గది, పక్క పక్క బల్లలు, ముందు నేర్చినవారు తరువాతివారికి చెప్పడం. దాని నమూనా కోసం వెతికితే మళ్లీ హ్యాంప్టన్‌కే రావలసి ఉంటుంది. మేరీ జాక్సన్ 1970లలో సాయంత్రాలూ సెలవు రోజులూ కింగ్ స్ట్రీట్‌లోని సామాజిక కేంద్రానికి వెళ్లి, అక్కడి నల్లజాతి పిల్లల చేత వారి సొంత విండ్ టన్నెల్‌ను కట్టించి, అందులో ప్రయోగాలు చేయించింది.